నడిఎండలో ఫ్రీజింగ్

మొన్న పొద్దున మా మనవరాలు స్కూటీ దిగి లోపలికి వస్తూనే "ఫ్రీజింగ్, నాయనమ్మా, ఫ్రీజింగ్!" అంటూ రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. ఇక్కడే జనగామలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నెత్తిన కోతిటోపీ, మెడచుట్టూ శాలువా, దాని మీద ఇంకో శాలువా. గిన్నెలు సర్దుతున్నదాన్ని ఆగి, గట్టు మీదున్న గ్లాసులో వేలు పెట్టి చూశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. "ఫ్రీజింగ్ ఎట్లయితదే? నీళ్ళు కదులుతున్నయి గద" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "అందరు గట్లనే అంటరు నాయనమ్మా. నీళ్ళు గడ్డకడితేనే అనాల్నా ఏంది?" అంది. ఇంకెవరైనా అయితే పొయ్యి మీద టీ మరిగిపోయేదాకా వాదించేదాన్నే. తొంభైకి దగ్గర పడ్డా నాకు వాదన మీద మోజు తగ్గలేదు. కానీ ఆ ఒక్క మాట విషయంలో వాదించే హక్కు మా ఇంటావంటా ఎవరికీ లేదని గుర్తొచ్చి, నోరు మూసుకుని టీ పోసి ఇచ్చాను.

మా బాపు ఇంగ్లీషు పంతులు. నిజాం కాలంలో జనగామ వస్తానియాలో, అంటే నడిమి తరగతుల బడిలో, చెప్పేవాడు. చదువంతా ఉర్దూలో సాగే రోజులు. ఇంగ్లీషు మాటకు ముందు ఉర్దూలో అర్థం చెప్పి, పిల్లల మొహాలు చూసి, మళ్ళీ తెలుగులో చెప్పేవాడు. ఆయనకు ఒకటే నల్ల షేర్వాణీ. మోచేతుల దగ్గర మా అమ్మ వేసిన మాసికలు అసలు గుడ్డకంటే గట్టిగా ఉండేవి. ఇంగ్లీషు వాళ్ళను ఆయన జన్మలో ఒక్కరిని చూశాడు, అదీ కదిలే రైలు కిటికీలో. అయినా ఆ భాషలోని మాటలన్నీ తన చేతికి అప్పగించి వాళ్ళు ఎటో పోయినట్టు కాపలా కాసేవాడు. స్టేషను గోడ మీద ఒక నోటీసులో తప్పుందని, స్టేషను మాస్టరు వద్దంటున్నా వినకుండా, సుద్దముక్కతో దిద్ది వచ్చిన మనిషి. ఆ తర్వాత ఆరు నెలలు మా ఇంటికి వచ్చే పార్సిళ్ళన్నీ ఆలస్యంగానే వచ్చాయి.

చలి మాటలంటే ఆయనకు మరీ పట్టింపు. కూల్ అంటే హాయిగా ఉండాలి, ఆ మాట మెచ్చుకోవడానికే వాడాలి. చిల్లీ అంటే ఒళ్ళు జలదరించాలి. కోల్డ్ అంటే పళ్ళు టకటకలాడాలి. ఫ్రీజింగ్ అంటే మాత్రం నీళ్ళు గడ్డకట్టాలి. కట్టకపోతే ఆ మాట అన్నవాడు అబద్ధాలకోరు. ఒకసారి పుష్యమాసంలో ఎవరో పిల్లగాడు వణుకుతూ ఆ మాట అంటే, బడి అరుగు మీదున్న కుండ దగ్గరికి తీసుకెళ్ళి మూత తీయించాడట. "కదులుతున్నయా లేదా?" "కదులుతున్నయి సార్." "అయితె గా మాట నోట్లకెల్లి రావద్దు. అబద్ధాలాడాల్నంటె తెలుగుల ఆడుకోండ్రి. పక్కింటోని మాట అడుక్కొచ్చుకొని దాంతోని అబద్ధమాడుతరా?" అన్నాడట. గడ్డకట్టడమంటే ఏమిటో పిల్లలకు చూపించాలని ఒకసారి పట్టుదల పట్టి, సికింద్రాబాదు నుంచి రైల్లో స్టేషను దగ్గరి సోడా దుకాణానికి వచ్చే మంచుగడ్డలో ఒక ముక్క కొన్నాడు. రంపపు పొట్టులో చుట్టి, ఇత్తడి గిన్నెలో పెట్టుకుని, ఎండలో బడికి నడిచాడు. దారిలో ముగ్గురు ఆపి పలకరించారు. బాపు పలకరింపుకు పొడిగా జవాబు చెప్పే మనిషి కాదు. బడి చేరేసరికి గిన్నెలో పొట్టు తేలుతున్న నీళ్ళు మిగిలాయి. ఏమాత్రం తడుముకోకుండా, "గిది మెల్టింగ్. దీన్ని తిరగేస్తె ఫ్రీజింగ్" అని పాఠం చెప్పేశాడు.

నేను ఒక్కదాన్నే బిడ్డను కాబట్టి ఆ చదువంతా నాకు ఇంట్లోనే అబ్బింది. బడికి పంపకపోయినా, సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని కూర్చోగానే నా పలక ముందుండాలి. నాకు పదిహేనో ఏట పెళ్ళి చేసి మానుకోట దగ్గరి ఊరికి పంపారు. మీరిప్పుడు మహబూబాబాద్ అంటున్నదే ఆ మానుకోట. మా ఇంటాయనకు చదువు లేదు, చదువంటే పిచ్చి ఉంది. ఎడ్లను కడుగుతూ, మోట కొడుతూ, "ఇంకో ముచ్చట చెప్పరాదు" అని ఇంగ్లీషు మాటలు అడిగి నేర్చుకునేవాడు. చలిపొద్దున బావి దగ్గర చెంబెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని "ఫ్రీజింగ్!" అని అరిచేవాడు. అట్లా అనకూడదని బాపు చెప్పిన నియమం నేను అప్పజెప్పేదాన్ని. "మీ బాపు వేన్నీళ్ళు పోసుకుంటడు. ఆయనకేం ఎరుక?" అని ఇంకో చెంబు పోసుకుని ఇంకా గట్టిగా అరిచేవాడు. మా అత్త ఇంట్లోంచి, "వానికేమన్న సోకిందా?" అని అడిగేది. ఆ నవ్వులు ఒక్క చలికాలమే సాగాయి. తర్వాత ఆయన దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి, భూపాలపల్లి వైపు అడవుల్లోకి పోయాడు.

రజాకార్లు పోయి మిలిట్రీ వచ్చిన మొదటి ఏడు అది. దొరల భయం తగ్గిందనుకుంటే సంఘపోళ్ళ కోసం గాలింపు మొదలైంది. ఆయన అయిదు నెలల తర్వాత ఒక సందెవేళ ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు, కళ్ళు పచ్చబడ్డాయి. అడవి ఆయనకు చలిజ్వరం ఇచ్చి పంపింది. ఎంత పద్ధతైన జ్వరమంటే, దినం తప్పించి దినం, సూర్యుడు నడినెత్తికి రాగానే వచ్చేది. మంచం కాళ్ళు కూడా కదిలేంత వణుకు. రెండు గంటలు వణికించి, చెమట పట్టించి పోయేది. దానికి కునైన్ గోలీలు కావాలి. మా ఊళ్ళో అవి దొరకవు. పైగా మిలిట్రీ క్యాంపులవాళ్ళకు ఒక కిటుకు తెలిసిపోయింది. అడవిలో పడుకున్నవాడికే ఈ జ్వరం వస్తుంది కాబట్టి, మనుషులను వరసగా నిలబెట్టి, వణికేవాణ్ణి పక్కకు లాగుతున్నారు. అట్లా లాగిన ఇద్దరు మా పక్క ఊరివాళ్ళు మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు.

మా అత్త ఆలోచించి, జనగామ తీసుకెళ్ళి బాపు చేతుల్లో పెట్టమంది. తెల్లవారేసరికి అక్కడ దించే రైలు ఒకటుంది. స్టేషను నుంచి మా ఇల్లు కూతవేటు దూరం. ఆ రోజు జ్వరం వంతే అయినా, అది నిద్రలేచే వేళకు మేము ఇంట్లో తలుపులేసుకుని ఉంటామని లెక్క వేసుకున్నాం. ఆయన గొంగడి కప్పుకున్నాడు. రైల్లో సగం మంది గొంగళ్ళతోనే ఉన్నారు. శివరాత్రి పోయి పది రోజులైనా తెల్లవారుజామున ఇంకా చలి ఉంది. పెట్టె నిండా గొర్రెబొచ్చు వాసన. నేను లోపల లోపల సంతోషంగా కూడా ఉన్నాను, దాచడమెందుకు. పుట్టింటికి పోతున్నాను మరి.

జనగామలో దిగగానే స్టేషను చుట్టూ మిలిట్రీ. దిగిన వాళ్ళందరినీ, ఆడా మగా ఓ నలభై మందిని, వరసగా నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. ఎక్కడికనుకున్నారు, బాపు బడికే. బడి మూసి దాన్ని క్యాంపు చేశారని మాకు తెలియదు. అరుగు మీద బల్ల వేసుకుని, బాపు కుర్చీలో ఒక ఆఫీసరు కూర్చున్నాడు. ఎక్కడో ఉత్తరాన మంచుకొండల వైపు మనిషి, తెల్లగా, పొడుగ్గా. పక్కన షేర్వాణీలో నిలబడి, ఒక్కొక్కరు చెప్పేదాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నది మా బాపు. ఆయనకు ఉర్దూ ధారాళంగా వచ్చు, ఆఫీసరుకు హిందీ వచ్చు. కానీ ఆ రోజుల్లో ఉర్దూ మాట్లాడేవాణ్ణి ఎటువైపు మనిషి అనుకుంటారో ఎవరికి తెలుసు. అందుకే ఇంగ్లీషు పట్టుకున్నాడు. పేరు, ఊరు, ఎందుకు వచ్చావు, ఎవరింటికి. నాలుగు ప్రశ్నలు అడిగి గోడ వైపు పంపిస్తున్నారు. మేము వరసలో చివరికి దగ్గరగా పడ్డాం.

ఇక్కడ మా బాపు మీద నాకు వచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు. నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు చెప్పించి పంపడానికి ఎంతసేపు పడుతుంది? ఒక ముసలాయన, ఎందుకొచ్చావంటే "ఊర్కనే వచ్చిన" అన్నాడు. బాపు ఆగిపోయాడు. "ఊర్కనే"కు సరైన ఇంగ్లీషు మాట కోసం మోచేతి మాసిక గోక్కుంటూ ఆకాశం వైపు చూశాడు. ఒక మాట చెప్పాడు. అది కాదని వెనక్కి తీసుకుని ఇంకోటి చెప్పాడు. ఆఫీసరు నవ్వుతూ ఏదో మాట అందిస్తే, ఆ మాట ఎందుకు కుదరదో ఆయనకే వివరించాడు. గేటు స్తంభం నీడ మూరెడు నుంచి జానెడుకు వచ్చింది. ఎండ మండుతోంది. వరసలో అందరూ గొంగళ్ళు మడిచి భుజాన వేసుకున్నారు. మా ఆయన కూడా తీసేశాడు. నేను నీడనూ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూస్తున్నాను. మా ముందు ఇంకా పదిహేను మంది ఉన్నారు.

అప్పుడు బాపు తల తిప్పి వరసంతా ఒకసారి చూశాడు. మా మీద ఆయన చూపు ఆగలేదు, అట్లాగే సాగిపోయింది. చూడలేదనే అనుకున్నాను. కానీ మరుక్షణం నుంచి మనిషి మారిపోయాడు. ఒక ఆమె తన చెల్లెలి పురుడు గురించి, ఆ చెల్లెలి అత్త గయ్యాళితనం గురించి అంత పొడుగు చెబితే, "సిస్టర్, బేబీ, సార్" అని ముగించేశాడు. ఇంకొకాయన ఊర్కనే వచ్చానంటే "నథింగ్, సార్" అన్నాడు. తడుముకోవడం లేదు, దిద్దుకోవడం లేదు. మాటలు ఎట్లా పడితే అట్లా విసిరేస్తున్నాడు. మా బాపు నోటి నుంచి అట్లాంటి ఇంగ్లీషు విని నాకు ఏడుపొచ్చింది. మమ్మల్ని చూశాడని నాకు తెలిసిపోయింది. వరస గబగబా కదిలింది. అయిదుగురు మిగిలారు, ముగ్గురు మిగిలారు.

జ్వరం మాత్రం తన వేళకు వచ్చింది. మొదట ఆయన గోళ్ళు నీలంగా మారాయి. దవడ బిగించాడు. ఆగలేదు. భుజాన ఉన్న గొంగడి తీసి నిలువునా కప్పుకుని, నా చేయి పట్టుకున్నాడు. ఆ వణుకు నా భుజం దాకా పాకింది. జవాను ఒకడు కేక వేశాడు. ఆఫీసరు లేచి, మెట్లు దిగి మా ముందుకు వచ్చాడు. బాపు వెనకే వచ్చాడు. "వాట్ ఈజ్ ద మ్యాటర్ విత్ హిమ్?" అని ఆఫీసరు అడిగితే, బాపు నోరు తెరిచేలోపే మా ఆయన జవాబు చెప్పాడు. జ్వరమని అనకూడదని ఆయనకు తెలుసు. బావి దగ్గర నేర్చుకున్న మాట ఒక్కటే నోటికి వచ్చింది. "ఫ్రీజింగ్, సార్. వెరీ ఫ్రీజింగ్." ప్రాణాలు పోయే ఆ గడియలో కూడా, ఆ 'వెరీ' దగ్గర బాపు కనుబొమ్మ ఒకటి పైకి లేవడం నేను చూశాను.

ఆఫీసరు నడినెత్తి మీది సూర్యుణ్ణి చూశాడు. చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. బాపు వైపు తిరిగి, "మాస్టర్, పొద్దున్నుంచి నా ఇంగ్లీషును కూడా దిద్దుతున్నారు. మీరే చెప్పండి. ఈ మాట ఇక్కడ చెల్లుతుందా?" అన్నాడు. ఇంగ్లీషులో అన్నా నాకు అర్థమైంది. నేర్పిన పుణ్యాత్ముడు ఎదురుగానే ఉన్నాడు. బాపు అరుగు మీది నీళ్ళ కుండ వైపు చూశాడు. నన్ను చూశాడు. అల్లుణ్ణి చూశాడు. నోటీసు దిద్దకుండా రైలెక్కలేని మనిషి ఈయన. కుండ మూత తీయించి పిల్లలను సిగ్గుపడేలా చేసిన మనిషి. ఇప్పుడేం చెబుతాడు? బాపు నెమ్మదిగా షేర్వాణీ పైగుండీ పెట్టుకున్నాడు. మెడ దగ్గరిది కూడా పెట్టుకున్నాడు. చేతులు రెండూ కట్టుకుని, "ఎస్, సార్. ఇట్ ఈజ్ ఫ్రీజింగ్" అన్నాడు. ఆయన చెవి మీదుగా చెమట చుక్క జారి కాలరులోకి పోయింది.

"ఇతనొక్కడికేనా? అందరికీనా?" అన్నాడు ఆఫీసరు. అందరికీ అన్నాడు బాపు. అయితే అడగమన్నాడు. ఆ నలభై మందిలో విచారణ అయిపోయినవాళ్ళు కూడా, గేటు తీయకపోవడంతో గోడ పక్కనే కూర్చుని ఉన్నారు. బాపు వాళ్ళవైపు తిరిగాడు. పాఠం చెప్పే గొంతు కాదది. "దొర అడుగుతున్నడు. మీకు చలి పెడుతున్నదా?" అన్నాడు. గోడ దగ్గర గొర్లకాపరి అవ్వ ఒకామె కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. బాపు గుండీలను చూసింది, గొంగట్లో వణుకుతున్న మా ఆయనను చూసింది. కొంగు ఆపింది. "పెట్టక? పొద్దుగాల్నుంచి సస్తున్నం గద చలికి! నీ కడుపు సల్లగుండ, ఇప్పటికన్న అడిగినవు" అంటూ మడిచిన గొంగడి విప్పి నెత్తి నుంచి కప్పుకుంది.

ఆమె పక్కనున్న ముసలాయన కప్పుకున్నాడు. తర్వాత ఇంకొకడు. చెల్లెలి పురుడు చూడవచ్చినామె చంకలోని పిల్లతో సహా ముసుగు బిగించింది. చూస్తుండగానే నడిఎండలో బడి ముంగిలంతా నల్లటి గొంగళ్ళు నిండిపోయాయి. గొంగడి లేనివాడు తలపాగా విప్పి భుజాలకు చుట్టుకున్నాడు. ఒకాయన గోడకు ఆనించి ఉన్న ఖాళీ గోనెసంచిలో దూరాడు. "అబ్బబ్బ, ఏం చలి" అని ఒకరంటే, "పోయినేడు ఇంత లేకుండె" అని ఇంకొకరు. వాళ్ళెవరూ మాకు తెలియదు. మా ఆయన ఎవరో, ఎక్కడి నుంచి వచ్చాడో వాళ్ళకు తెలియదు. చెమటలు ముక్కుల మీదుగా కారుతుంటే పళ్ళు టకటకలాడించారు. వాళ్ళలో మా ఆయన వణుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ గోనెసంచి ఆయనను తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. అప్పుడు మాత్రం నవ్వితే చస్తానని పెదవి కొరుక్కున్నాను.

ఆఫీసరు చాలాసేపు చూశాడు. తర్వాత రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని ముందు జవాన్లకు అర్థమైంది, తర్వాత మాకు. "మాస్టర్, మా ఊళ్ళో నది గడ్డకట్టినప్పుడు కూడా ఇంతమంది ఒకేసారి వణకడం నేను చూడలేదు" అన్నాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, చీటీ రాసి బాపు చేతికిచ్చాడు. దవాఖానకు రాసిన చీటీ అది. కునైన్ ఇవ్వమని. "మీ చలికి ఇది బాగా పనిచేస్తుంది. ఇతనికి త్వరగా ఇప్పించండి. రెండోసారి నా కంట పడనీయకండి" అన్నాడు. ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఎందుకు వదిలేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా గోనెసంచి వల్లనే అయి ఉంటుంది.

గేటు తీశారు. అందరూ గొంగళ్ళు కప్పుకునే బయటికి నడిచారు. సందు మలుపు తిరిగాక ఒక్కసారిగా తీసి విసిరి, ఉస్సురంటూ నీడలో కూలబడ్డారు. గొర్లకాపరి అవ్వ మా ఆయన నొసలు తాకి, "జల్ది తోల్కపో బిడ్డా, కాలుతున్నడు" అని వెళ్ళిపోయింది. పేరైనా అడగలేకపోయాను. దవాఖానలో చీటీ చూపించి గోలీలు తీసుకుని ఇంటికి చేరాం. మంచం మీద ఆయనను పడుకోబెట్టి, దుప్పట్లు కప్పి, మా అమ్మ కాళ్ళు రుద్దుతుంటే బాపు పెరట్లో రాయి మీద కూర్చున్నాడు. షేర్వాణీ ఇంకా మెడదాకా గుండీలతోనే ఉంది. అన్నానికి పిలిస్తే రాలేదు.

"తప్పు మాట చెప్పొచ్చిన" అన్నాడు మా అమ్మతో. "ముప్పై మంది పోరగాండ్లు కూసుండే జాగల నిలవడి చెప్పొచ్చిన."

"చెప్తె ఏమాయె? రేపు సక్కటిది చెప్పుకో. మాటలు మల్ల దొరుకుతయి. మనిషి దొరుకుతడా?" అంది మా అమ్మ. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. ఆమె విస్తట్లో అన్నం పెట్టి నీళ్ళ చెంబు పక్కన పెట్టేసరికి, బాపు గుండీలు ఒక్కొక్కటే విప్పుకుని వచ్చి కూర్చున్నాడు. సగం అన్నం తిన్నాక నా వైపు చూడకుండానే, "అల్లునికి 'వెరీ' ఎవలు నేర్పిండ్రు?" అని అడిగాడు. నేను చెంబులో నీళ్ళు నింపాను. "ఫ్రీజింగ్ ముంగట 'వెరీ' రాదు. పానం మంచిగైనంక జర చెప్పు" అన్నాడు. లోపల మంచం కాళ్ళు ఇంకా నేలకు కొట్టుకుంటూనే ఉన్నాయి.

వేసవి సెలవులు కాగానే బడి మళ్ళీ బడి అయింది. బాపు ఇంకా పదేళ్ళ పైన పాఠాలు చెప్పాడు. కూల్‌కు నియమం చెప్పాడు, చిల్లీకి చెప్పాడు, కోల్డ్‌కు చెప్పాడు. ఫ్రీజింగ్ దగ్గరికి వచ్చేసరికి అర్థం చెప్పి పేజీ తిప్పేసేవాడట. ఆయన దగ్గర చదువుకున్న ఒక పెద్దమనిషి తర్వాతెప్పుడో మా ఇంటికి వచ్చి, అదొక్కటి ఎందుకు అట్లా వదిలేసేవాడని నన్ను అడిగాడు. మర్చిపోయి ఉంటాడన్నాను. మా బాపు నన్ను దగ్గరికి తీసుకున్న జ్ఞాపకం ఒక్కటి కూడా నాకు లేదు. బిడ్డంటే తనకు ప్రాణమని ఏనాడూ అనలేదు. ఆ కాలం మగవాళ్ళు అనేవాళ్ళు కాదు. నాకు ఆ లోటు ఎన్నడూ తెలియలేదు. కునైన్ చేదుకు మొహం చిట్లిస్తూనే మా ఆయన కోలుకున్నాడు, నలుగురు పిల్లల తండ్రయ్యాడు, ముసలివాడయ్యాడు. మా బాపు తెలిసి తెలిసి తప్పుగా వాడిన ఒకే ఒక్క మాట మీద మేమిద్దరం యాభై రెండేళ్ళు కాపురం చేశాం.